నడుస్తూ చేసిన లెక్కలు

పులివెందులలో మా వరండాలో ట్యూషన్ చెప్పిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది. పిల్లలంతా చాపల మీద కూర్చునేవాళ్లు, ఒక్క పిల్ల తప్ప.

ఆరో తరగతి. సింహాద్రిపురం నుంచి వచ్చి ఊరి చివర మందతో ఉంటున్న గొర్రెల కాపరుల పిల్ల. రోజూ సాయంత్రం వాళ్ల తాత తీసుకొచ్చి, అయిపోయేదాకా గేటు దగ్గరే కూర్చునేవాడు. నీళ్లు తాగొస్తానని లేచిన పిల్ల పెరట్లో తూనీగ వెంటపడుతూ కనిపించేది. ప్రొద్దుటూరులో పిల్లల డాక్టరు చూసి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని సమస్య, అన్నాడు. మొండితనం కాదు, హోంవర్కు కొంచెం కొంచెంగా చేయించమన్నాడు. వాళ్ల నాయన మాత్రం తేల్చి చెప్పేశాడు.

"ఈ నెల గూడా నోటుబుక్కు ఖాళీగా ఉంటే బడి మాన్పిస్తా. గొర్రెల ఎంబడన్నా పనికొస్తాది."

నేను జమ్మలమడుగులో చెల్లెలింటికి వెళ్లినప్పుడు ఒక అలారం గడియారం కొనుక్కొచ్చాను. పది నిమిషాలకు మోగేలా పెట్టి పిల్ల ముందు ఉంచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ పిల్ల పది నిమిషాలూ ముల్లునే చూసి, మోగగానే తుర్రుమనేది. ఐదో రోజు నాకు ఒళ్లు మండింది. భుజం నొక్కి బలవంతంగా కూర్చోబెట్టాను. పిల్ల ఏడవలేదు. రెండు చేతులతో చాప అంచు పట్టుకుని, లేవకుండా ఉండాలని బిగుసుకుని కూర్చుంది.

తాత గేటు దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"అమ్మా, గొర్రెను కట్టేసి ముందర మేతేస్తే సగం తొక్కి పారేస్తాది. నడుస్తా మేస్తేనే దాని కడుపు నిండేది."

"పిల్లను గొర్రెతో పోలుస్తావేందప్పా?"

"నాకు తెలిసింది అదే గదమ్మా."

గొణుక్కుంటూనే మర్నాడు గడియారం బీరువాలో పడేశాను. పది లెక్కలు పది చీటీల మీద రాసి గేటుకు ఒకటి, మెట్ల గోడకు రెండు, వంటింటి తలుపుకు ఒకటి, ఇలా ఇల్లంతా అంటించాను. పిల్ల నోటుబుక్కు గోడకు ఆనించి నిలబడే చేసేది, తర్వాతి చీటీ దగ్గరికి పరుగెత్తేది. మొదటి రోజు నాలుగు చేసింది. వారం తిరిగేసరికి పదీ అయ్యాయి. అంకెలు మాత్రం గోడ గతుకులన్నీ ఎక్కి దిగినట్టు ఉండేవి.

నెలాఖరున నాయన వచ్చాడు. ఆయనకు చదువు రాదు. ఒక్కో పేజీ తిప్పుతూ, నిండిన చోటల్లా వేలు పెట్టి చూశాడు.

"ఇదంతా నువ్వే రాసినావా పాపా?"

"నేనే నాయనా."

నోటుబుక్కు మూసి తనే సంచిలో పెట్టాడు. "గొర్రెలు నేను చూసుకుంటాలే. నువ్వు బడికి పో" అన్నాడు.

వాళ్లు వెళ్లాక లోపలికి వెళ్లి ఏడ్చాను. నెలంతా ఆ మనిషిది రాతిగుండె అని తిట్టుకున్నాను. పిల్ల మీద చెయ్యి వేసింది మాత్రం నేనే.