ఉప్పు కోసేవాడి ఇంట్లో ప్యాకెట్టు ఉప్పు

గుమెర్సిందో తన ఉప్పులో ఏదో కలుపుతున్నాడనీ, అందుకే తాను మాత్రం కొట్లో ప్యాకెట్టు ఉప్పు కొంటున్నాడనీ ఉయూని ఊరి చుట్టుపక్కల పాకిన పుకారు శుద్ధ అబద్ధం. ప్యాకెట్టు కొంటున్న మాట మాత్రం నిజమే.

పెళ్లికి ముందు నుంచీ ఆయన ఊరి పక్కనున్న తెల్లటి ఉప్పు మైదానంలో గొడ్డలితో ఉప్పు దిమ్మలు కోస్తున్నాడు. లోయవాళ్లు మొక్కజొన్నలిచ్చి వాటిని లామాల మీద, అంటే ఒంటెల్లాంటి ఆ కొండ జంతువుల మీద వేసుకుపోయేవారు. ఈ ఏడు ఒక్కరూ దిమ్మ ముట్టలేదు. ఏమీ కలపలేదని ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నా నమ్మలేదు. మరి ప్యాకెట్టు ఎందుకంటే మాత్రం ఆయన నోరు మెదపడు.

చివరికి పక్కింటి ఇలారియా గుమ్మంలోకే వచ్చి నిలదీసింది.

"ఏం అన్నా, దిమ్మ మాకూ, ప్యాకెట్టు మీకూనా? మేమేమన్నా లామాలమా?"

గుమెర్సిందోకు ఒళ్లు మండింది.

"లామాలే నయం, నాకి ఊరుకుంటాయి! మా ఆవిడ కసిమిరా గొంతు చూశావా, బంగాళాదుంపంత వాచింది. ఒంటికి అయోడిన్ అనే ఖనిజం కావాలట, నేలలో పుట్టిన మన ఉప్పులో అది చాలదట, ప్యాకెట్టులో కలుపుతారట. నర్సమ్మ చెప్పింది. ఆ మాట బయటపెడితే నా దిమ్మ ఎవరు కొంటారు చెల్లెమ్మా? పెట్టకపోతే ఇదిగో, మీరంతా నన్ను దొంగను చేశారు!"