టీ బడ్డీ దగ్గర ఆగే బండి

మా మావయ్య బండి ఎందుకు ఆగిపోయేదో ఇరవై ఏళ్లుగా నేను ఎవరికీ చెప్పలేదు.

ఎడ్లతో సేద్యం చేసిన మనిషి. యాభై దాటాక మొదటి మోటారు సైకిలు కొన్నాడు. కిక్కు కొట్టే ముందు ట్యాంకు నిమిరి, "లెగు నాయనా, రాజాం ఎల్లొద్దాం" అని బతిమాలేవాడు. బండి ఊరి చివర టీ బడ్డీ దాకా వెళ్లి ఆగిపోయేది.

"దొంగ గొడ్డుని కొన్నావేటి మావా?" అని అక్కడివాళ్లు నవ్వేవారు.

"అలిసిపోనాది, ఉండండిరా" అని దాని పక్కనే నిలబడి టీ తాగేవాడు. నేను వెనకాలే వెళ్లి ఒక్క కిక్కుకే స్టార్టు చేసేవాణ్ణి. "మా అల్లుడిది మంచి సెయ్యి" అని మురిసిపోయేవాడు.

ఆ మెప్పు కోసమే, ఆయన చెప్పులు తొడుక్కునేలోపు పెట్రోలు ట్యాపు కట్టేసేవాణ్ణి. గొట్టంలో మిగిలిన పెట్రోలు టీ బడ్డీ దాకానే సరిపోయేది. టీ బడ్డీ దగ్గర మళ్లీ తిప్పేవాణ్ణి.

చివరికి ఒకరోజు "నా సేతికి లొంగదురా ఇది" అని తాళం గూట్లో పడేసి, పాత సైకిలెక్కాడు. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

మొన్న వెళ్లి అంతా చెప్పేశాను. మావయ్య కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

"నాకెందుకు సెప్తావు? దొంగ గొడ్డని పేరు పడ్డాది దానికి. దానికే సెప్పు" అని పశువుల పాక కేసి చూపించాడు.

వెళ్లి దుమ్ము పట్టిన ట్యాంకు నిమిరాను. "తప్పు నాదే నాయనా" అన్నాను.