మా వరండాలో నోరు మెదపని గంట

మా ఇంటి గేటుకు గొళ్ళెం పెట్టే అలవాటు లేదు. గురజాల దగ్గర పల్లె మాది. మా మామయ్య ఒకప్పుడు సర్పంచిగా చేశారు. పదవి పోయింది గానీ పెత్తనం పోలేదు. పొద్దున కాఫీల వేళా, సాయంత్రం దీపాలు పెట్టే వేళా వరండా నిండా జనం. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని ఒకళ్ళు, పింఛను ఆగిపోయిందని ఒకళ్ళు, పక్క చేనువాడు గట్టు జరిపాడని ఒకళ్ళు. వినుకొండలో నలుగురే ఉన్న ఇంట్లో పెరిగిన నాకు, కాపురానికి వచ్చిన కొత్తలో, పెళ్ళికొచ్చిన చుట్టాలు ఇంకా తిరిగి వెళ్ళలేదేమో అనిపించేది. మా అత్తయ్య టీ గిన్నె పొయ్యి మీంచి దించగా నేను చూడలేదు.

మా పాప ఊళ్ళో ఉన్న సర్కారు బడిలోనే మూడో తరగతి చదువుతోంది. మా వాళ్ళలో చాలామంది పిల్లల్ని గురజాల ప్రైవేటు బడికి వ్యాన్లో పంపుతారు. మామయ్య మాత్రం ఒప్పుకోలేదు. ఆయన సర్పంచిగా ఉన్నప్పుడే ఆ బడికి ప్రహరీ గోడ లేచింది. "నేను గోడ కట్టించిన బడికి నా మనవరాలే పోకపోతే ఇంకెవురు పోతారు?" అన్నారు. ఆ మాట నాకూ నచ్చింది.

వరండాలోకి వచ్చిన ప్రతి మనిషికీ మా పాపే వేడుక. "కలెక్టరమ్మా, ఏదీ ఒక పాఠం చదువు" అనేవాళ్ళు. అది కుర్చీ ఎక్కి, పుస్తకం తెరిచి, వేలు పెట్టి గడగడా చదివేది. చదవడం అవగానే చప్పట్లు. మామయ్య మీసం కింద నవ్వు దాచుకుంటూ, "ఏదో, మా తాత పోలిక" అనేవారు. వాళ్ళ తాత వేలిముద్రగాడని అత్తయ్య వంటింట్లోంచి నాకు కన్ను గీటి చెప్పేది.

ఆ ఏడు బడిలో తల్లిదండ్రుల సమావేశానికి నన్ను కాదని మామయ్యే వెళ్ళారు. ఒక్కరే వెళ్తారా? తెల్ల చొక్కా, మెడలో కండువా, వెనక మోటారు సైకిళ్ళ మీద పదిమంది. చూసినవాళ్ళు నామినేషన్ వేయడానికి వెళ్తున్నారనుకుని ఉంటారు. టీచరమ్మ నరసరావుపేట నుంచి బస్సులో వచ్చి పోయే చిన్న వయసు పిల్ల. అంతమందిని చూసి లేచి నిలబడి, "పాప చాలా బాగా చదువుతుందండీ" అన్నదట. ఆ మాటకే మామయ్య వెంట వెళ్ళిన వాళ్ళందరికీ ఇంటికొచ్చి పకోడీలు పెట్టించారు. పకోడీలు వేసింది నేనే, సంతోషంగానే వేశాను.

గుట్టు బయటపడింది బెల్లం పాకం వల్ల. నేను అరిసెల పాకం పడుతుంటే పాప పక్కనే కూర్చుని తెలుగు పుస్తకం చదువుతోంది. పాకం చుక్కలు పడి రెండు పేజీలు అంటుకుపోయాయి. అది చూసుకోకుండా ఆ రెండూ కలిపి తిప్పేసింది. కొత్త పేజీలో ఉన్నది ఏనుగు బొమ్మ. దాని వేలు ఏనుగు పాఠం మీద నడుస్తోంది, నోరు మాత్రం అంటుకుపోయిన పేజీలోని కుందేలు కథ చెబుతోంది. ఒక్క అక్షరం తడబడకుండా చెబుతోంది.

ఏనుగు పేరు ఎక్కడ రాసుందో చూపించమన్నాను. దాని వేలు ఆగిపోయింది. నా మొహం చూసింది, పుస్తకం చూసింది, మళ్ళీ నా మొహం చూసింది. ఏడవలేదు. పట్టుబడిన పెద్దమనిషిలా పుస్తకం మూసి, "ఈ పాఠం ఇంకా చెప్పలేదు" అన్నది. పక్క పిల్లలు చదివేటప్పుడు విని, విని, పాఠాలన్నీ కంఠతా పట్టింది నా బంగారం. అంత జ్ఞాపకశక్తికి మురిసిపోవాలో, చదవడం రాదని ఏడవాలో తెలియలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజు మాత్రం భయమే ముందొచ్చింది.

మర్నాడు బడిలో మధ్యాహ్న భోజనాలయ్యాక ఒక్కదాన్నే వెళ్ళాను. టీచరమ్మ నన్ను చూడగానే నా భుజం మీదుగా గేటు వైపు చూసింది. "ఎవరూ రాలేదు మేడం, నేనే వచ్చాను" అని పిల్లల బెంచీ మీద కూర్చున్నాను. "మా పాపకి చదవడం వచ్చా?" అని అడిగాను. ఆమె డస్టరు పక్కన పెట్టింది. అక్షరాలు వస్తాయని, వాటిని కలిపి చదవడం రాదని, తప్పు చదివితే నలుగురూ నవ్వుతారని పాపకి చచ్చేంత భయమని చెప్పింది. "అందరూ కలెక్టరమ్మా అంటారు కదండీ, రాదని ఎలా చెప్తుంది?" అన్నది.

ఏం చేయాలో కూడా ఆమే చెప్పింది. రోజూ సాయంత్రం ఒక గంట ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. టీవీ, ఫోను, పనులు చెప్పడాలు ఉండకూడదు. పాపకి ఇష్టమైన కథలే చదవాలి. ముందు మనం చదివి, తర్వాత దాని చేత చదివించాలి. "ఇంకో మాట అమ్మా. ఎక్కడైనా ఆగితే వెంటనే అందించకండి. తనంతట తను పలికేదాకా ఆగండి. అదే చాలా కష్టం" అన్నది. నన్ను ఎరిగినట్టే చెప్పింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. మామయ్య మొహం ఎర్రబడింది. "మరి నాకట్టా అబద్ధం చెప్పిందేంది ఆ పిల్ల? ఎవురితో చెప్పాల్నో వాళ్ళతో చెప్తా, రేపీపాటికి బదిలీ" అని ఫోను తీశారు. నేను ఆయన ముందు ఏనాడూ గొంతు లేపలేదు. ఆ రోజు లేచింది. "మీరు అట్టా పదిమందిని ఏసుకుని పోతే నిజం చెప్పే ధైర్యం ఎవరికుంటది మామయ్యా? ఆ అమ్మాయి చెప్పింది మీరు వినాలనుకున్న మాటే గదా!"

అత్తయ్య గుమ్మంలో టీ గ్లాసులతో అలాగే నిలబడిపోయింది. మామయ్య ఫోను జేబులో పెట్టుకున్నారు. కాసేపటికి, "సరే, అయితే జూన్‌లో నరసరావుపేట హాస్టల్లో ఏద్దాం. ఇంత సంతలో చదువెట్టా వస్తది?" అన్నారు. అది కోపం కాదు, నిజంగా మంచి అనుకునే అన్నారు. మా వైపు అది మామూలే, ఎనిమిదేళ్ళ పిల్లల్ని కూడా ట్రంకు పెట్టె ఇచ్చి హాస్టల్లో దింపి వస్తారు. కానీ నా కూతురు ఇంకా నాయనమ్మ కొంగు చేత్తో పట్టుకుంటే గానీ నిద్రపోదు. ఆ సాయంత్రం తల దువ్వుతుంటే, "అమ్మా, నాకు చదవటం రాలేదనే పంపిస్తన్నారా?" అని అడిగింది. దువ్వెన పక్కన పడేసి దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను.

మా ఆయన మిరప చేలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ అంతా విన్నాడు. మాట తక్కువ మనిషి. "ఎండాకాలం సెలవుల దాకా చూద్దాం నాయనా. అప్పటికీ రాకపోతే మీ ఇష్టం" అన్నాడు. దానికి నేనొక షరతు కలిపాను. సాయంత్రం ఒక గంట ఇంట్లోకి ఎవరూ రాకూడదు. మామయ్య నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "ఇంటికొచ్చిన మనిషిని తర్వాత రమ్మంటామా? మన ఇంటావంటా లేదు." "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గదా" అని అత్తయ్య గ్లాసులు కడుగుతూనే అంటించింది.

గొలుసు తెచ్చి గేటుకు వేశాం. లోపల గదిలో నేనూ, పాపా, కథల పుస్తకం. మొదటి సాయంత్రమే నాకు అర్థమైంది, కష్టం పాపది కాదు, నాది. అది "క" దగ్గర ఆగితే నా నాలుక దురద పెట్టేది. పళ్ళు బిగబట్టి చీర కుచ్చిళ్ళు లెక్కపెట్టుకునేదాన్ని. రెండుసార్లు అరిచాను కూడా. అరిచిన రోజున అది వచ్చిన అక్షరాలు కూడా మర్చిపోయేది. అది చూశాక నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నాను.

ఇక్కడ ఇలా ఉంటే, గేటు అవతల ఊరు అట్టుడికిపోయింది. ఆ ఇంటి గేటు మూశారంటే మాటలా? ఒకళ్ళు మామయ్యకి గుండె నొప్పి వచ్చిందన్నారు. ఇంకొకళ్ళు, కాదు కాదు, అవతలి పార్టీ వాళ్ళు వెనక దోవన వచ్చి మాట్లాడి పోతున్నారన్నారు. వారం తిరక్కుండా ఆయన పార్టీ మారుతున్నారని గురజాల బస్టాండులో చెప్పుకున్నారట. గుండె నొప్పి మాట విని నవ్విన మనిషి, పార్టీ మాట వినగానే నిజంగానే గుండె పట్టుకున్నారు.

ఆ సాయంత్రం ఆయనే వెళ్ళి గొలుసు తీశారు. "రండ్రా, అందరూ రండి, చూసుకోండి లోపల ఎవురున్నారో. కానీ ఎవురన్నా నోరు మెదిపితే బయటికి నడుస్తారు" అన్నారు. నన్నూ పాపనీ వరండాలోకి వచ్చి కూర్చోమన్నారు. నాకు ఒళ్ళు మండింది. తప్పు చదివితే నలుగురూ నవ్వుతారని భయపడే పిల్లని నలుగురి మధ్యలో కూర్చోబెడతారా? వద్దని చెప్పబోయాను. పాపే నా చెయ్యి లాగి కూర్చుంది. చుట్టూ చూసి, మెల్లగా, "నాకు ఇంకా సరిగ్గా రాదు" అన్నది. అంతమంది ముందు ఆ మాట అనడం దానికి అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు.

చదవడం మొదలుపెట్టింది. వానపడ్డ అడవి కథ. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ రెండు వాక్యాలు దాటింది. "పు... పుట్ట..." దగ్గర ఆగింది. ఆగిపోయింది. గట్టు తగాదా మనిషి ముందుకు వంగి నోరు తెరిచాడు. మామయ్య చెయ్యెత్తారు. అతను నోరు మూసుకున్నాడు. ఒకరి మాట ఒకరు పూర్తిగా విన్న పాపాన పోని మనుషులు, చిన్నపిల్ల నోటి నుంచి ఒక మాట రావడం కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎవరిదో ఫోను మోగబోతే ఆ మనిషి దాన్ని తొడ కింద నొక్కేశాడు. "పుట్ట... గొ... డు... పుట్టగొడుగులు!" అన్నది నా కూతురు. వరండా అంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ రోజు వచ్చినవాళ్ళు పింఛన్ల మాట, గట్ల మాట మర్చిపోయి ఇళ్ళకి పోయారు. మర్నాడు గట్టు తగాదా మనిషి తన కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చాడు. "మావోడూ అప్పచెప్తన్నాడే గానీ చదవట్లేదు బాబాయ్" అన్నాడు తల వంచుకుని. "ఇక్కడ వదిలేసి పోతానంటే కుదరదు, పక్కన కూర్చో" అన్నారు మామయ్య. తర్వాత ఇంకొందరు వచ్చారు. ఎవరి పిల్ల పక్కన వాళ్ళు. అన్ని రోజులూ పండగలా సాగిందని చెప్పను. మిరప కోతలప్పుడు కొన్నాళ్ళు ఎవరికీ తీరిక చిక్కలేదు. కొన్ని సాయంత్రాలు పాప పుస్తకం ముట్టనని మొండికేసింది, అత్తయ్య కథ చెప్పి గంట గడిపేసింది. అదీ చదువులో భాగమేనని టీచరమ్మ అన్నది.

ఎండలు ముదిరే ముందు మళ్ళీ బడిలో సమావేశం పెట్టారు. మామయ్య తెల్ల చొక్కా వేసుకున్నారు. వెంట మోటారు సైకిళ్ళూ బయల్దేరాయి. హాస్టలా ఇల్లా అన్నది ఆ రోజుతో తేలిపోతుంది. బడి గేటు దగ్గర ఆయన ఆగి, తను కట్టించిన గోడ చూపించి, "మీరంతా దీనికి అవతలే ఉండండి" అన్నారు. కండువా తీసి ఒకడి చేతిలో పెట్టారు. నన్ను రమ్మని లోపలికి నడిచారు.

టీచరమ్మ మళ్ళీ లేచి నిలబడింది. ఆయన పిల్లల బెంచీ మీద కూర్చున్నారు, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. "కూర్చో తల్లీ. బాగా చదువుతున్నదని మాత్రం చెప్పబాక. అది మా ఇంటికొచ్చే ప్రతోడూ చెప్తాడు. ఎక్కడ తప్పుతున్నదో చెప్పు" అన్నారు.

ఆమె గేటు వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత చెప్పింది. ఇప్పుడు తన కళ్ళతో తనే చదువుతుందని, నెమ్మదేనని చెప్పింది. తీసివేతల్లో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం మర్చిపోతుందని, జవాబు తెలిసినా ఇంకా చెయ్యెత్తదని చెప్పింది. మామయ్య ఒక్కసారి కూడా అడ్డు రాకుండా ఆఖరిదాకా విన్నారు. ఆయన అలా వినడం నేను ముందెప్పుడూ చూడలేదు.

బయటికి రాగానే, "ఏమన్నది బాబాయ్? ఫస్టేనా?" అని మూగారు. "తీసివేతల్లో తప్పులు పోతందంట!" అన్నారు మామయ్య, ఎన్నికల ఫలితం ప్రకటించినంత గట్టిగా. వాళ్ళు ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడిపోయారు. దారిలో నాతో మెల్లగా అన్నారు, "ఇన్నేళ్ళలో నా మొహాన ఇట్టా ఉన్నదున్నట్టు చెప్పినోళ్ళు ఇద్దరే అమ్మాయ్. ఇప్పుడీ పిల్ల, అప్పుడు నువ్వు." నేను హాస్టలు సంగతి అడగలేక అడిగాను. "హాస్టలుకి పొద్దున్నే ఫోన్ చేసి పాప రాదని చెప్పేశాగా" అన్నారు. అంటే టీచరమ్మ ఏం చెబుతుందో తెలియకముందే.

ఆ సాయంత్రం గేటు తెరిచే ఉంది, వరండా నిండా జనం. పాప పలక మీద తీసివేత వేసింది. పక్క అంకె దగ్గర ఆగింది. మామయ్య చూస్తున్నారు, చూస్తున్నారు, ఉండబట్టలేక నోరు తెరిచారు.

"తాతా, చెప్పబాక" అన్నది అది, తలెత్తకుండానే. "నేను ఆలోచిస్తన్నా."

మా మామయ్య నోరు మూసుకున్నారు.