ఇద్దరు ఏడో నంబర్లూ, అక్కా

రెండు కంప్యూటర్లను, హార్డ్‌డిస్కులు తగిలించే డిస్కు కేబులుతో కలిపిన ఘనత ఖరగ్‌పూర్‌లో నాదేనని ఇప్పటికీ చెప్పుకు తిరుగుతున్నాను కాబట్టి, అసలు జరిగింది రాసిపెట్టడం న్యాయం.

న్యూ సెటిల్‌మెంట్‌లో డీటీపీ షాపు నడిపే అక్క, మొరాయించిన ఏ యంత్రం మీదైనా జ్వరం చూసినట్టు అరచేయి ఆనించేది. ఒకరోజు, సాయంత్రంలోగా గుడి సంచిక ప్రింటు తీసివ్వకపోతే పని గోల్‌బజార్ షాపు వాళ్లకు పోయే పరిస్థితి వచ్చింది. పేజీలు ఒక కంప్యూటర్‌లో ఉన్నాయి, ప్రింటరు రెండోదానికి ఉంది. పేజీలు ఫ్లాపీలో పట్టవు, షాపులో నెట్‌వర్క్ లేదు.

"డిస్కు కేబులుతో కలిపేద్దామక్కా. లైబ్రరీలో సదివినాను," అన్నాను.

కలిపాను. రెండూ బిగుసుకుపోయాయి. ఆ కేబులుకు తగిలించిన ప్రతిదానికీ ఒక నంబరివ్వాలని, పెద్ద నంబరుకే ముందు మాట్లాడే హక్కని చదివి, మర్యాదగా రెండింటికీ అన్నిటికన్నా పెద్దదైన ఏడే ఇచ్చాను. ఆ సూత్రం అక్కకు గర్వంగా వివరించాను కూడా.

అక్క అరచేయి ఆనించింది. "జొరం లేదు, పంతమే. రెండూ నీలాగే పెద్దోలైపోతే ఇనీదెవులురా? ఒకదాన్ని తగ్గించు. నీ సదువేటీ తరిగిపోదు."

ఒకదాన్ని ఆరు చేశాను. చీకటి పడకముందే సంచిక చేతికొచ్చింది.

పుస్తకం వెతికిచ్చిన లైబ్రేరియన్ అప్పలనాయుడుగారికి, కేబులు అరువిచ్చిన బెంగాలీ అన్నయ్య తపన్‌దాకు, ఆఖరి పేజీ దాకా ఓపికపట్టిన పూజారి సింహాచలంగారికి కృతజ్ఞతలు. అక్కకు ఆ రోజే చెప్పబోయాను.

"థాంకులు తరవాత. ముందు ఆ కేబులు ఇప్పు, ఆ సాకెట్టుకే స్కానరు తగిలించాల," అంది.