నాలుగో రేక

మా వైపు కల్లును గ్లాసులో తాగేవారు కాదు. తాటాకును మధ్యకు మడిచి దోనెలాగా చేసి, రెండు చేతులతో పట్టుకుని మూతి దగ్గర పెట్టుకునేవారు. దాన్ని రేక అంటారు. రెండు చేతులూ రేకకే సరిపోతాయి కనుక ముంత వంచడానికి ఇంకొక మనిషి కావాలి. అంటే ఎంత తాగాలన్నది సగం పోసేవాళ్ల చేతిలో ఉంటుంది. నేను కాపురానికి వచ్చిన నెలకు మా అత్త ఆ ముంత నా చేతికిచ్చింది.

"మూడు రేకలు పొయ్యి. నాలుగోది అడిగితే ఇననట్టే లేచి రా," అంది.

అంతవరకు కొడుక్కి తనే పోసేది. కలిగినవాళ్ల ఇళ్లలో అత్తలు కోడళ్లకు తాళంచెవులు ఇస్తారట. మా ఇంట్లో తాళం వేయదగ్గ పెట్టె ఏదీ లేదు, కాబట్టి నాకు ముంత దక్కింది.

ఇది యాభైల చివరి సంగతి. నేను ఆలేరులో రైలు కూతలు వింటూ పెరిగిన పిల్లను, అయిదో తరగతి చదివాను, కాస్త నోరున్నదాన్ని. మెట్టినిల్లు తిరుమలగిరి దగ్గర పల్లె. అక్కడ పొద్దున లేస్తే వినిపించేది మగ్గం చప్పుడొక్కటే. మా ఆయన చీకటితో లేచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే ఎండెక్కేదాకా లేచేవాడు కాదు. మాట అనేది లేదు. నూలు చుట్టిన కండె కావాలంటే "కండె" అని చెయ్యి చాపేవాడు. అన్నం ముందు కూర్చుంటే "చాలు" అనేవాడు. నన్ను మూగవాడికి కట్టబెట్టారేమోనని మొదటి నెలలో నిజంగానే అనుమానపడ్డాను. అది ఉత్తరంలో రాసి మా అమ్మకు పంపుదామనుకున్నాను కూడా, కానీ ఆ ఉత్తరం చదివి పెట్టేవాళ్లు ఊరంతా చాటుతారని మానేశాను.

కల్లు గీసే ఆయన రోజూ ఎండ ముదరకముందే వచ్చి మా ముంత నింపి పోయేవాడు. మా ఆయన మగ్గం దిగి పెరట్లో మునగచెట్టు కింద గొంతుక్కూర్చునేవాడు. మొదటి రేక తాగేటప్పుడు కళ్లు నేల మీదే ఉండేవి. రెండోది అయ్యాక మీసం తుడుచుకుని నా వైపు చూసేవాడు. మూడోది కడుపులో పడ్డాక నోరు విప్పేవాడు.

ఎన్ని మాటలు చెప్పేవాడో! చిన్నప్పుడు వాళ్ల నాయినతో చీరల మూట నెత్తిన పెట్టుకుని హాలియా అంగడికి నడిచిపోయాడట. దారిలో చెట్టు కింద కునుకు తీస్తే గొర్లకాపరి మేకలు వచ్చి ఒక చీర కొంగు నమిలేశాయట. వాళ్ల నాయిన ఏమాత్రం తడుముకోకుండా ఆ చిరుగుల అంచును మడిచి కుట్టి, ఇది కొత్త రకం కొంగని చెప్పి ఆ గొర్లకాపరి పెళ్లానికే అంటగట్టాడట. "ఆమె గా కొంగు జూసి మురిసిపోతాంది, మా నాయిన నా కాలు తొక్కుతాండు, నవ్వకురా అని," అంటూ వాళ్ల నాయిన ముఖం ఎలా పెట్టాడో పెట్టి చూపించేవాడు. నేను నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేదాన్ని, ముందర వాకిట్లో రాట్నం తిప్పుతున్న అత్తకు వినపడకూడదని. ఒక రేక నేనూ తాగేదాన్ని, దాచడానికేముంది. మా ఇళ్లలో ఆడవాళ్లు తాగడం వింత కాదు. కానీ నాకు కల్లు మీద అంత ఆశ లేదు. నా ఆశంతా ఆ అరగంట మీద. ఆ ఇంట్లో మా ఇద్దరికీ దొరికిన జాగా అదొక్కటే.

ఎంత తాగితే ఎక్కువ అన్న దానికి మా వాడలో ఎవరి కొలత వాళ్లకుండేది. గొర్లు కాసుకునే మా పక్కింటి మామ, మందను సరిగ్గా లెక్కపెట్టగలిగినంతసేపూ ఎక్కువ కాదనేవాడు. ఎప్పుడూ ఒకటి రెండు గొర్లు ఎక్కువే వచ్చేవి ఆయన లెక్కకు, దానికి సంతోషించేవాడు. అత్త మాత్రం కొడుకు ముద్ద కలిపే తీరు చూసేది. పులుసు వేళ్ల సందుల్లోంచి కారిందంటే ఆ రోజు నా వైపు ఒక చూపు చూసేది. నా కొలత నాకుంది. మాట చెప్పి నవ్వాలి. మాట చెప్పకముందే నవ్వాడంటే ఇక ముంత బోర్లించాలి. మూడు రేకల వరకు ఎప్పుడూ అలా జరగలేదు. రెండేళ్లు నా చేయి తప్పలేదు, అందుకు నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ రోజు ఎండాకాలం. పెళ్లివారికి ఇవ్వాల్సిన చీర ఒకటి మగ్గం మీదుంది. ఎక్కువ భాగం అయిపోయింది, కొంగు నేయాలి. కల్లు వేళకే వచ్చింది కానీ ఆయన లేవలేదు. నేను ముంతను దడి దగ్గర పెట్టి మరిచిపోయాను. నీడ జరిగింది, ఎండ ముంత మీదకొచ్చింది. పొద్దు నడినెత్తి దాటాక ఆయన చేతులు దులుపుకుంటూ పెరట్లోకి వచ్చాడు. ముంత మీదంతా నురగ. నేనది చూశాను, చూసి కూడా ఏమీ అనుకోలేదు.

మూడు రేకలు పోశాను. ఆయన ఎన్నడూ ఎత్తని మాట ఎత్తాడు.

"ఆలేరుకు నిన్ను జూడనీకి వచ్చిన్నాడు ఏమైందో ఎరుకనా?"

నేను ముంత కింద పెట్టి దగ్గరకు జరిగాను. ఆ పెళ్లిచూపుల్లో ఆయన తలెత్తి చూడనేలేదని మా అక్కలు అప్పటికీ నన్ను ఆటపట్టించేవారు.

"ఏమైంది?" అన్నాను.

"నువ్వు చెంబుల నీళ్లు దెచ్చినవ్. నేను..." అని ఆగాడు. రేక ఖాళీ అయింది. నా ముందుకు చాపాడు. "ఇంకొక్కటి పొయ్యి, జెప్త."

పోశాను. ఆయన అడిగినందుకు కాదు, నాకు ఆ మాట వినాలని ఉండి పోశాను. ఆ నిజం ఇన్నేళ్లకు రాస్తున్నాను.

ఆయన తాగాడు. నా ముఖం చూశాడు. చెప్పకముందే నవ్వాడు. "కొంగు నెయ్యాలె," అని లేచి లోపలికి పోయాడు. గుంటలో కాళ్లు పెట్టబోయి తూలి, ముందుకు మగ్గం మీద పడ్డాడు. పడుగు పోగులు పటపట తెగిన చప్పుడు పెరట్లో నాకు వినిపించింది. అత్త రాట్నం ఆపి పరుగెత్తుకొచ్చింది. సాపుగా పరచుకుని ఉండవలసిన నిలువు పోగులు చింపిరి జుట్టులా చెదిరిపోయాయి. ఆయన వాటి నడుమ మోచేతుల మీద లేవడానికి చూస్తున్నాడు. అప్పుడే నిషా దిగిపోయింది ముఖంలో.

"ఎన్ని పోసినవ్?" అంది అత్త నన్ను చూసి.

నాలుగు అంటే ముంత మళ్లీ తన చేతిలోకి పోతుంది. ఆ అరగంట పోతుంది. ఆలేరు మాట మిగిలిపోతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో నా కళ్ల ముందు తిరిగాయి.

"మూడే అత్తా. నీ తోడు," అన్నాను.

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. మళ్లీ తెగిన పోగుల వైపు తిరిగాడు.

తెగిన పోగులు ఒక్కొక్కటీ వెతికి అతకడానికి మా ముగ్గురికీ రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున కల్లు ఆయన వస్తే మా ఆయన వాకిట్లోనే ఆపాడు. "రేపటి సంది తేకు అన్నా," అన్నాడు. అంతే. అత్త కొడుకును మెచ్చుకుంది. మూడు రేకలకే కాళ్లు తడబడే వయసొచ్చిందని తనే మానుకున్నాడని వాడంతా చెప్పింది. అప్పుడాయనకు ముప్పై కూడా లేవు.

ఆ కల్లు ఆయనే తరువాతొకసారి ముంత ఎక్కడ పెట్టానని నన్ను అడిగి, నెత్తి కొట్టుకున్నాడు. "ఎండల బెడ్తివా చెల్లె? పొద్దటి కల్లు వేరు, ఎండకు పులిసిన కల్లు వేరు. గప్పుడు రెండిటికే ఆపాలె." నేను రేకలే లెక్కపెట్టాను గాని పొద్దు చూసుకోలేదు.

ఇక మా ఇంట్లో మగ్గం చప్పుడు ఆగకుండా సాగింది. కండె. చాలు. పిల్లలు పుట్టారు, వాళ్లకు పేర్లు పెట్టేటప్పుడు కూడా ఆయన తలూపాడు, అంతే. ఉండబట్టలేక ఒకసారి అడిగాను, ఆలేరులో నన్ను చూసి ఏమనుకున్నవని. "ఏముంది, చేసుకుంట అనుకున్న," అన్నాడు, పోగుల మధ్య అటూ ఇటూ తోసే నాడె ఆపకుండానే. నాకు ఆ నాడె తీసి నెత్తిన కొట్టాలనిపించింది. ఆయన చెడ్డవాడు కాదు, నన్ను ఒక్క మాట అన్నవాడు కాదు. ఆ ఒక్క మాట కూడా అనలేదనే నా ఏడుపు. పక్క వాడల్లో ఆడవాళ్లు మొగుళ్ల తాగుడు మానాలని మొక్కుకునేవారు. నా మొగుడు మళ్లీ మూడు రేకలు తాగాలని మొక్కుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మూడు రేకలకే పడ్డానని నమ్మి మానేశాడనుకున్నాను, నాలుగు పోశానని చెబితే మళ్లీ మూడుకు వస్తాడని నా నమ్మకం. కానీ అత్త బతికినన్నాళ్లూ భయం. ఆమె పోయాక సిగ్గు. అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

అరవైల చివర ఆయనకు రొమ్ములో జబ్బు చేసింది. దవాఖాన వాళ్లు చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒక మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని గంజి తాగిస్తూ, ఇక ఆగలేక చెప్పేశాను. "ఆనాడు నేను మూడు పొయ్యలేదయ్యా. నాలుగు పోసిన. నీ తప్పేం లేకుండె. మూడింటికి నీకేం గాకపోవు."

ఆయన నా వైపు చూశాడు. దగ్గు తగ్గేదాకా ఆగాడు.

"తాగినోన్ని నేను. నాలుగని నాకెరుక లేదా?"

"ఎరుకైతే ఎందుకు బంజేసినవ్?"

"నా కోసం మా అమ్మ మీద ఒట్టు బెట్టి అబద్ధమాడితివి. ఇంట్ల ఆడిదాంతో అబద్ధమాడించినంక గా తాగుడు ఎక్కువే గదా పిల్లా. ఇగ ఆడనియ్యొద్దనుకున్న."

నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. తొమ్మిదేళ్లు! ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే కాళ్లు పట్టుకుని బతిమాలేదాన్ని.

"నీ కోసం గాదు," అన్నాను. "నువ్వు మాట్లాడుడు బందు గావొద్దని ఆడిన."

ఆయన గంజి గిన్నెను పక్కకు జరిపాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఏదో చెప్పబోయి పెదవులు కదిపాడు గాని, ఆయనకు మాటల అలవాటు తప్పిపోయింది.