ఒడి ముడి కింద పక్కు

ఉదయం ఆరూ ఇరవైకి అక్క ఫోన్ చేసింది. రోజూ చేసే వేళే. చేనికి బయలుదేరుతూ, చెప్పులు వేసుకుంటూ, సగం మాటలు నాతో, సగం వాకిట్లో ఉన్నవాళ్ళతో మాట్లాడేది.

"లేచావా, ఇంకా దొర్లుతున్నావా?"

"లేచాను. చేనికేనా?"

"పత్తి రెండో తీత. మళ్ళీ వాన పడేట్టుంది, ఇవాళ అయిపోవాలి. ఒళ్ళంతా నొప్పులే. రాత్రి కాస్త వెచ్చబడింది కూడా."

"అయితే ఇవాళ మానెయ్యక్కా."

"నేను మానేస్తే వీళ్ళు పదింటికి గాని చేలో దిగరు. కుడి గజ్జల్లో బిళ్ళ కట్టిందే, నడుస్తుంటే లాగుతోంది. ముల్లేదో గుచ్చుకుని ఉంటది."

కాలికి ముల్లు గుచ్చుకున్నా, వేలికి చీము పట్టినా గజ్జల్లో బిళ్ళ కట్టడం మా వైపు అందరికీ తెలిసిందే. ఉప్పు కాపడం పెట్టుకోమన్నాను. సరేనంది. ఆవేళ మాటలు అంతటితో అయ్యాయి.

అక్క ఇప్పుడు లేదు. ఆమెని తీసుకుపోయిన జబ్బు స్క్రబ్ టైఫస్. సమయానికి కనిపెడితే ఏ మందుల షాపులోనైనా దొరికే మాత్రలతో తగ్గిపోయే జబ్బు. కనిపెట్టడానికి చాలామందిలో ఒక గుర్తు కూడా ఉంటుంది. ఒంటి మీద ఎక్కడో ఒకచోట నల్లటి పక్కు. దాన్ని ఎవరో ఒకరు చూడాలి, అంతే. వారం పైగా అక్కని చాలామంది చూశారు. ఆ పక్కుని ఎవరూ చూడలేదు. ఎందుకు చూడలేదో తెలిస్తే కోపం తగ్గుతుందనుకున్నాను. తెలిసింది. తగ్గలేదు.

అక్క వాళ్ళ ఊరు దాచేపల్లి అవతల. నల్లరేగడి నేల, సొంత చేను, పత్తి. తీత రోజుల్లో అక్క కూడా చుట్టుపక్కల ఆడవాళ్ళతో కలిసి ఒడి కట్టేది. పాత చీర ముక్కని నడుముకి సంచిలా బిగించి కట్టుకోవడమే ఒడి. తీసిన పత్తి అందులో వేసుకుంటూ సాలు చివరిదాకా పోతారు. నిండేకొద్దీ బరువంతా ముడి మీద పడుతుంది. ముడి కింద తోలు ఒరుసుకుపోతుంది, చెమట తగిలితే మండుతుంది. పత్తి తీసే ఏ ఆడమనిషి నడుము మీదైనా అలాంటి పుండు ఒకటైనా ఉంటుంది. దాన్ని గురించి మాట్లాడుకోరు. చూపించుకోరు. మధ్యాహ్నం గట్టు మీద గడ్డిలో చతికిలబడి, ఒడి వదులు చేసుకుని, అన్నం తిని, మళ్ళీ బిగించుకుని లేస్తారు.

తీత అయిన సాయంత్రం అక్కకి గట్టిగా జ్వరం వచ్చింది. ఊళ్ళో ఉన్న ఆర్ఎంపీ వచ్చి చూశాడు. రక్తం పరీక్షకి పంపాడు. టైఫాయిడ్ అన్నాడు. ఆ పరీక్ష మా ఊళ్ళలో ఎంత మామూలైపోయిందంటే, జ్వరంతో వెళ్ళి అది చేయించుకుని 'లేదు' అనిపించుకున్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికి, వేరే జ్వరానికి కూడా అందులో 'ఉంది' అని రావచ్చు. ఆ సంగతి చెప్పడానికి ఆర్ఎంపీకి ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు.

"మేడం, మీరు పుస్తకాలు చూసి చెబుతారు, మేం మనుషుల్ని చూసి చెబుతాం. ప్లేట్‌లెట్లు కూడా కొంచెం తగ్గినై. నాలుగు బాటిళ్ళు ఎక్కిస్తే లేచి కూర్చుంటది."

"తగ్గకపోతే గుంటూరు తీసుకొస్తామండి."

"తీసుకుపోండి, నేనేమన్నా కట్టేశానా? అక్కడ కూడా ఇదే బాటిల్. కాకపోతే ఏసీలో ఎక్కిస్తారు."

రెండు పూటలా ఇంజెక్షన్, మధ్యలో సెలైన్. ఆ ఇంజెక్షన్ టైఫాయిడ్‌కి పనికొచ్చేదే. దీనికి పనికిరాదు. మనుషుల్ని చూసి చెబుతానన్న ఆయన చూసింది చేతి నరం ఒక్కటే. బట్ట కప్పని చోటు ఆ ఒక్కటే మరి.

ఇక ఇంట్లో చూడవలసింది బావ. ఆయన్ని ఏమీ అనలేను, అనకుండా ఉండలేను. కరోనా రోజుల్లో ఆయన తండ్రి పోయాడు. అప్పుడు ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ కూర్చున్నారు, తర్వాత ఇంటిల్లిపాదీ పడకేశారు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా మేడ మీద గది, పేపరు ప్లేటు, గుమ్మం దగ్గర శానిటైజరు. అక్కకీ అదే చేశాడు.

ఆదివారం నేను వెళ్ళేసరికి బావ మెట్ల దగ్గర మాస్కుతో నిలబడి ఉన్నాడు.

"నువ్వు కిందే ఉండమ్మా. కిటికీలోంచి మాట్లాడు."

"టైఫాయిడ్ అన్నారు కదా బావా. గాలిలో వచ్చేది కాదది."

"ఏది గాలిలో వస్తదో, ఏది రాదో అప్పుడూ ఇలాగే చెప్పారు. నాన్న దగ్గర చేసిన తప్పు మళ్ళీ చెయ్యను."

మెట్లు సగం ఎక్కి నిలబడ్డాను. అక్క కిటికీ ఊచలు పట్టుకుని కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి నవ్వింది.

"చూడవే, నన్ను జూలో పెట్టాడు మీ బావ. అరటిపళ్ళు విసరలేదు, అదొక్కటే తక్కువ."

"పళ్ళే కదా తెచ్చింది, విసరనా?"

"విసురు. ఒసే, ముందు నీళ్ళు పోసుకోనివ్వమని చెప్పు మీ బావకి. కంపు కొడుతున్నాను."

బావ కింద నుంచి అరిచాడు. "జ్వరంలో నీళ్ళేంటి? తగ్గాక పోసుకుందువుగాని."

ఆ విషయంలో ఊరంతా బావ వైపే. జ్వరం మనిషికి స్నానం చేయించరు. తడిగుడ్డతో ఒళ్ళు తుడవాలంటే పక్కన ఎవరైనా ఉండాలి. పక్కన ఎవరూ ఉండకూడదన్నదే ఆ ఇంటి నియమం. అక్క అదే చీర, అదే లంగా బొందు బిగించుకుని వారం పైగా ఆ గదిలో ఉంది. ఒకే ఒక్కసారి ఎవరైనా ఆమె ఒళ్ళు తుడిచి ఉంటే, కనీసం అదేమిటని అడిగి ఉండేవాళ్ళు.

మర్నాడు పొద్దున ఆయాసం మొదలైంది. కారులో గుంటూరు తెచ్చారు. బ్రాడీపేటలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఆసుపత్రిలో చేర్చాం. గౌను తొడగాలి, సాయం పట్టమని నర్సు నన్ను పిలిచింది. లంగా బొందు నేనే విప్పాను. కుడి పక్కన, ముడి ఉండే చోట, శనగబద్దంత నల్లటి పక్కు. చుట్టూ సన్నగా ఎరుపు. సిగరెట్‌తో కాల్చినట్టుంది.

"ఇదేంటక్కా?"

"ఒడి ముడి ఒరుసుకుంది లేవే. మానింది. నొప్పి లేదు."

నొప్పి లేదన్న మాటే అసలు గుర్తు. ఒరుసుకున్న పుండు మండుతుంది. ఇది మండదు, దురదపెట్టదు. ఆ తేడా నాకప్పుడు తెలియదు, ఆమెకీ తెలియదు. డాక్టరు వచ్చి చంకల్లో, మెడ కింద, నడుము చుట్టూ చూశాడు. పక్కు దగ్గర చెయ్యి ఆపాడు.

"ఇదెప్పటినుంచి ఉంది? ఇంతకుముందు ఎవరూ చూడలేదా?"

స్క్రబ్ టైఫస్ అయి ఉంటుందన్నాడు. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా అప్పుడే మందు మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఆసుపత్రి బయట కుర్చీలో కూర్చుని దొరికినవన్నీ చదివాను. వానలయ్యాక గట్ల మీద గడ్డిలో, పొదల మొదట్లో కంటికి ఆననంత చిన్న పురుగు పిల్లలు ఉంటాయి. ఎలుకలు తిరిగే చోట ఎక్కువ. మనిషి అక్కడ కూర్చుంటే బట్టల్లోకి పాకి, బట్ట బిగుతుగా ఉన్నచోట ఆగి కుడతాయి. కుట్టినట్టు తెలియదు. జబ్బు క్రిమి ఆ పిల్లలకి తల్లి పురుగు నుంచే వస్తుంది. మనిషి నుంచి మనిషికి రాదు. ఈ చివరి మాట తర్వాత ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు.

క్రిములకీ ఒంటికీ యుద్ధమని పిల్లల పుస్తకాల్లో రాస్తారు. సైనికులు, కోట, గెలుపు. నాకు ఆ పోలిక ఎప్పుడూ నచ్చలేదు, ఇప్పుడు అసలు నచ్చదు. పోయినవాళ్ళు సరిగా పోరాడలేదన్నట్టు ఉంటుంది. జరిగేదాన్ని జరిగినట్టే చెప్పవచ్చు. కుట్టిన చోటికి రక్తంలోంచి తెల్ల కణాలు వచ్చి చేరతాయి. క్రిముల్ని మింగుతాయి. చాలా క్రిములు ఆ కణంలోనే అరిగిపోతాయి. ఇది అరగదు. మింగిన సంచిలోంచి బయటపడి ఆ కణంలోనే పెరుగుతుంది. అక్కడి తోలు చచ్చి నల్లబడుతుంది. దగ్గర్లో ఉన్న బిళ్ళ ఉబ్బుతుంది, ఎందుకంటే వచ్చింది ఏ క్రిమో గుర్తుపట్టి దానికి విరుగుడు తయారుచేసే పని అక్కడ మొదలవుతుంది. ఆ ఉదయం అక్క ఫోన్లో చెప్పింది ఆ బిళ్ళ గురించే. ఆమె ఒళ్ళు తన పని తను చేస్తూనే ఉంది. కొత్త క్రిమికి తగిన విరుగుడు చాలినంత తయారు కావడానికి ఒంటికి వారం, పది రోజులు కావాలి. ఈలోపు క్రిమి సన్నటి రక్తనాళాల గోడల్లోకి చేరుతుంది, గోడలు కారతాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మందు చేసేది ఆ క్రిమి పెరగకుండా పట్టి ఉంచడం. అంటే ఒంటికి గడువు ఇవ్వడం. అక్కకి ఆ గడువు మొదట్లో దొరకలేదు.

రెండు రోజులకి జ్వరం దిగింది. బావ మొదటిసారి మాస్కు తీసి టీ తాగాడు. డాక్టరు మమ్మల్ని పక్కకి పిలిచాడు.

"జ్వరం తగ్గింది, నిజమే. ఊపిరితిత్తులు తగ్గడం లేదు. కిడ్నీలు కూడా..." అని ఆగాడు.

వెంటిలేటరు పెట్టారు. అక్క మళ్ళీ మాట్లాడలేదు. ఆ శుక్రవారం పోయింది.

పెద్దకర్మ నాడు ఊళ్ళో విన్న మాటలు రాయాలని లేదు, కాని రాయకపోతే ఇదంతా ఎందుకు. 'టైఫాయిడ్ ముదిరింది' అన్నారు. 'గుంటూరులో లేటు చేశారు' అని ఆర్ఎంపీ అన్నాడట. పంచాయతీ వాళ్ళు మెట్ల మీద బ్లీచింగ్ చల్లి వెళ్ళారు. మేడ మీద గదిలో పరుపూ, అక్క చీరలూ బావ కాల్పించాడు. అక్కతో కలిసి పత్తి తీసిన ఆడవాళ్ళు లోపలికి రాకుండా పందిట్లోనే కూర్చున్నారు. నేనే వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళలో పెద్దావిడ నాకు చోటు ఇస్తూ కాస్త వెనక్కి జరిగింది.

"ఏమనుకోకు తల్లీ. అంటుకుంటదేమోనని భయం."

"ఇంట్లో ఏమీ అంటదు పెద్దమ్మా. అంటితే గట్టు మీద అంటుతుంది. మీరు కూర్చుని అన్నం తినే గడ్డిలో."

"గడ్డిలోనే పుట్టాం, గడ్డిలోనే పెరిగాం. ఇన్నేళ్ళూ లేని రోగం గడ్డికి ఇప్పుడొచ్చిందా?"

"సరే, మీలో ఎవరికైనా నడుము దగ్గర నల్లగా పుండు పడి, పక్కు కట్టిందా?"

అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వారు. చావింట్లో నవ్వామని మళ్ళీ కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"ఒడి కట్టేవాళ్ళని అడిగే మాటేనా అది? పుండు లేనిదాన్ని చూపించు, దణ్ణం పెడతా," అంది ఒకామె.

"పందిట్లో చీరలు పైకెత్తమంటదేమోనే ఈ గుంటూరమ్మ," అంది ఇంకొకామె.

నేను నవ్వలేదు. తేడా చెప్పాను. ముడి పుండు మండుతుంది, ఇది మండదు. నల్లటి పక్కు ఉండి, దాని దగ్గర బిళ్ళ కట్టి, జ్వరం వస్తే సెలైన్ పెట్టించుకుని పడుకోవద్దు, పెద్దాసుపత్రికి వెళ్ళి ఆ పక్కు చూపించండి అన్నాను. గట్టు మీద కూర్చోవాల్సి వస్తే పట్టా పరుచుకోండి, ఇంటికి రాగానే నీళ్ళు పోసుకుని ఆ బట్టలు వేడినీళ్ళలో వేయండి అన్నాను. విన్నారు. ఇద్దరి చేతులు మెల్లగా నడుము మీదికి వెళ్ళడం చూశాను. ఇంతలో భోజనాలకి పిలిచారు. లేచి వెళ్ళిపోయారు.

మొన్న వానలు పడ్డాక మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. బావ చేలో ఉన్నాడు. అక్కని కుట్టిన పురుగు ఎలా ఉంటుందని మొదటిసారి అడిగాడు.

"నల్లి జాతే బావా. మిరపాకు కింద ఉంటుందే, అలాంటిదే. ఇంకా చిన్నది."

మిరపాకు కిందికి ముడుచుకుంటే నల్లి పట్టిందని ఆయన దూరం నుంచే చెబుతాడు. ఆకు తిప్పి, భూతద్దం పెట్టి, ఎన్ని ఉన్నాయో చూసి మరీ మందు తెస్తాడు.

"నల్లే అయితే మందు ఉంది కదమ్మా. చెప్పు, కొడతా."

"మందు తర్వాత సంగతి. గట్టు మీద గడ్డి కోయించు. ఎలుక బొరియలు పూడ్పించు."

"గడ్డి కోస్తే వానకి గట్టు జారిపోద్ది. అదేం కాదులే. పత్తే మీ అక్కని తీసుకుపోయింది. పత్తి ఇంక వద్దు."

"పత్తి ఏం చేసింది బావా?"

"వద్దన్నాను కదమ్మా."

ఇంతకంటే విడమరిచి ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఈ ఏడు ఆ చేనంతా మిరప నారు నాటించాడు. ఆకు కింద నల్లికి మందు కొడుతున్నాడు. గట్టు మీద గడ్డి మోకాలెత్తు ఉంది, నాట్లకి వచ్చిన ఆడవాళ్ళు అందులోనే కూర్చుని అన్నం తిన్నారు. పత్తి మాత్రం వేయడం లేదు.