అమానత్ బిళ్ళ

ఎడారి దేశంలో, ముసఫ్ఫా లేబర్ క్యాంపులో మా వలస కార్మికుల సంఘం అధ్యక్షుణ్ణి అందరం కాకా అని పిలిచేవాళ్ళం. ఎవరు ఎదురైనా ముందు ముఖం చూసేవాడు కాదు, చొక్కా మీది ఇత్తడి సంఘం బిళ్ళ చూసేవాడు. దాన్ని బొటనవేలితో రుద్ది, "పెట్టుకునుడు నీది, బిల్ల సంఘానిది. అమానత్!" అనేవాడు, అంటే నమ్మి అప్పజెప్పిన సొత్తు, తిరిగివ్వాల్సిందే అని.

కరోనా తగ్గిన ఏడాది మా రూములో ఒకడు గుండె ఆగి చనిపోయాడు. శవాన్ని పెట్టెలో పెట్టేముందు ఊళ్ళో ఉన్న భార్యకు వీడియోలో చూపించాం.

"ఆ బిల్ల ఉండనియ్యుండ్రి అన్నా, గదంటే ఆయనకు పానం," అని ఏడ్చింది.

కాకా తలూపాడు. ఫోను పెట్టేయగానే బిళ్ళ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. శుక్రవారం కొత్తగా చేరినవాడికి అదే బిళ్ళ అమ్మాడు.

"అమానత్ ఎట్ల అమ్ముతవ్ కాకా?" అన్నాను.

"సంఘానిది సంఘం అమ్ముతది. ఖలాస్!"

నిరుడు ఆయన ఉద్యోగం వదిలి ఊరికి వెళ్ళిపోతుంటే బస్సు దాకా సాగనంపాం. తన బిళ్ళను అరచేత్తో కప్పుకుని, "ఇదొక్కటి ఉండనియ్యిరా, ఊర్ల జూపిచ్చుకుంట," అన్నాడు.

వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి లాగాను. చొక్కా గుడ్డ కూడా కాస్త చిరిగి వచ్చింది.

"అమానత్ కాకా," అన్నాను.

బస్సు కదలకముందే వెనక నుంచి ఎవరో దాని ధర అడిగారు.